పై గీత

చాప కింద వెలుతురు పాలు పొయ్యని టీ రంగులో ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి మా ఊళ్ళో దీని కింద కూర్చుని లేచినవాళ్ళు ఎవరూ ఇప్పుడు బతికి లేరు. లేఫోలు పెదనాన్న తాత ఒకసారి కూర్చున్నాడట, ఆయన తలమీద కప్పింది కూడా ఈ సన్నచాపేనంటారు గానీ చాపల వయసు చెప్పేటప్పుడు మావాళ్ళ నోటికి హద్దుండదు. పెళ్ళికి వస్తుంది, చావుకి పోతుంది, ఎవరికో బిరుదు ఇచ్చే రోజున మళ్ళీ ఏ ఇంటి నుంచో మడతపెట్టి తిరిగొస్తుంది, ఎవరి చాప ఎవరి తలమీద ఉందో దేవుడికే ఎరుక. గుడ్డలా మెత్తగా ఉంది, పాత పెట్టె వాసన వేస్తోంది, అంచున కుట్టిన ఎర్ర ఈకలు పెదనాన్న చెవికి తగులుతుంటే ఆయన ఈగ అనుకుని తల విదిలిస్తున్నాడు. విదిలించకూడదు. తల వంచుకుని, నేల చూస్తూ, ఎవరికి తప్పు చేశామో ఆ ఇంటి ముందు, ఆ ఇంటివాళ్ళు బయటికి వచ్చి చాప ఎత్తేదాకా కదలకుండా కూర్చోవాలి, ఇఫోంగ అంటే అంతే, ఎత్తితే క్షమించినట్టు, ఎత్తకపోతే కూర్చున్నవాళ్ళ ఖర్మ. మా ముందు కట్టెల మోపుంది, పొయ్యిరాళ్ళున్నాయి, అరిటాకులున్నాయి, మమ్మల్ని కాల్చుకు తిన్నా మీ ఇష్టమే అని చెప్పడానికి పెట్టేవి, తెల్లవారుతుండగా వాటిని వ్యాను వెనక ఎక్కిస్తూ మా తమ్ముళ్ళు ఒక్కరూ నవ్వలేదు. వాళ్ళంతా ఇప్పుడు మా వెనక వంగి కూర్చున్నారు. ఇదంతా ఒక గీత వల్ల, పట్టిక లోపలి పట్టికకి పైన నేను పెట్టించిన ఒక సన్నటి గీత వల్ల.

“కాలు తిమ్మిరెక్కిందే ఫువా,” అన్నాడు పెదనాన్న, పెదవులు కదపకుండా.

“కాస్త జాపుకో పెదనాన్నా. చాప కింద ఎవరు చూస్తారు.”

“పాదాలు వాళ్ళింటి వైపు పెట్టానంటే ఆ తప్పుకి ఇంకో చాప తెచ్చుకోవాలి. ఉన్నదే ఒకటి.”

ఆయన ఇంత ముసలితనంలో కూడా ఎకసెక్కం మానడు. లేఫోలు అంటే ఆయన పేరు కాదు, మా వంశం బిరుదు, ఆ బిరుదు మోస్తున్నందుకు నా తప్పుకి ఆయన మోకాళ్ళు నేలకానించాడు. నేను ఒక్కదాన్నే కూర్చుంటానన్నాను, నువ్వు తలకాయవి కాదు కదే, తోకని తెచ్చి క్షమాపణ అడిగితే ఎవడు ఒప్పుకుంటాడు అన్నాడు, తలా తోకా రెండూ వస్తే పూర్తి పంది అవుతుందని ఆయనే నవ్వి నన్నూ రమ్మన్నాడు. ఎదురుగా ఉన్న ఇల్లు నా అత్తవారిల్లు. ఇప్పుడు ఆ ఇంటికి పెద్ద మా బావగారు, సామలీయె బిరుదు ఆయనది, ఆయన తమ్ముడు పెలెనాతొ నా మొగుడు, పోయి నాలుగేళ్ళయింది, ఆయన సమాధి ఈ వాకిట్లోనే ఉంది, నా కుడిచేతి వైపు, చాప లేకపోతే నాలుగు అడుగులు వేసి ముట్టుకోవచ్చు. ఆ నాలుగు అడుగులు నేను వెయ్యడానికి వీల్లేదని అత్తగారు పలేపా ఊరందరి ముందూ చెప్పి ఉంది. చాప కింద అయితే పరవాలేదు కాబోలు. తప్పు చేసి వస్తే రావచ్చు, ఊరికే వస్తే రాకూడదు.

మూడు ఊళ్ళ చర్చికి వందేళ్ళు నిండుతున్నాయి, ఆ పండక్కి ఒక పుస్తకం వెయ్యాలి అని పాదిరిగారు పడవెక్కి రాజధాని ఆపియా దాకా వచ్చి అడిగినప్పుడు నేను ఎందుకు ఒప్పుకున్నానో. విశ్వవిద్యాలయంలో నా పని అదే, ఒకరి లెక్కల సిద్ధాంతం, ఇంకొకరి పగడపు దిబ్బల కొలతలు, మరొకరి అరటి తెగుళ్ళు, అన్నీ నా దగ్గరికి చింపిరి జుట్టుతో వస్తాయి, తల దువ్వుకుని పోతాయి. నేను కంప్యూటరులో వాడే కూర్పు పద్ధతి కంటితో చూస్తూ అటూ ఇటూ లాగేది కాదు, ఈ మాట ఎడమకి, ఆ మాట కుడికి, ఈ అంకెలన్నీ చుక్క దగ్గర కలవాలి, ఈ గడి వెడల్పు ఇంత అని మాటల్లో రాసిపెడితే, అంతా చదువుకుని, తనలో తాను లెక్కలు వేసుకుని చివరికి పేజీ చేసి చేతిలో పెడుతుంది. మన మనసులో ఉన్నది దానికి అక్కర్లేదు, మనం రాసిందే కావాలి. గడిలో మాట పట్టకపోతే పెట్టె పొంగింది, ఇంత మేర బయటికి వచ్చింది అని ఫిర్యాదు చేస్తుంది, ఒక కుండలీకరణం మూయడం మరిచిపోతే పని మానేసి మొండికేసుకు కూర్చుంటుంది, మా అత్తగారి లాగా. కానీ మా అత్తగారికీ దానికీ తేడా ఏమిటంటే అది ఎందుకు కూర్చుందో చెబుతుంది. ఈ గీత విషయంలో మాత్రం ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు. దాని లెక్కలో తప్పేం లేదు మరి.

పుస్తకంలో పాటలూ ఫొటోలూ పోయిన పాదిరుల పేర్లూ అన్నీ ఒక ఎత్తు, ఊళ్ళ బిరుదావళి ఒక ఎత్తు. ఏ పెద్దకి ముందు ఎవరిని పలకాలి, ఎవరి పక్కన ఎవరు, కన్నకూతురి పుట్టినరోజు మరిచిపోయే మగాడు కూడా ఇది నిద్రలో లేపి అడిగినా చెబుతాడు, ఒక్క పేరు అటు ఇటు అయితే సభలో తాగే ఆవ వేరు పానీయం గిన్నె అక్కడే పెట్టేసి లేచిపోతారు. అందుకే పాదిరిగారు భయపడి, వరస కింద వరస వద్దు ఫువతీనొ, ఎవరూ కింద కాకూడదు, పక్కపక్కన వెయ్యి అన్నారు. పక్కపక్కనే వేశాను. ఎడమ గడిలో లేఫోలు, కుడి గడిలో ఆనుపొ, నడుమ సామలీయె. ఆ రెండు ఊళ్ళకీ ఒక్కో బిరుదే, నడిమి ఊరికి మాత్రం సామలీయె, ఆయన తరఫున సభలో మాట్లాడే ఇద్దరు వక్తలు, ఆడపడుచుల గౌరవనామం, ఇన్ని ఉన్నాయి, అవన్నీ ఒక గడిలో కుక్కితే గంపలో చేపల్లా ఉంటాయని ఆ గడి లోపల ఇంకో చిన్న పట్టిక పెట్టాను. పట్టికలో పట్టిక. ఆయన పోయే ముందు ఏడాది నేను ఈ పని నేర్చుకోవడానికి ఆపియాలో గది తీసుకున్నాను, చూడ్డానికి వచ్చిన పెలెనాతొకి ఇది ఒకసారి చెప్పాను, ఆయన బస్సు నడిపేవాడు, పసుపూ ఎరుపూ రంగులేసిన చెక్క బస్సు, మా దీవిలో బస్సు నిండితే ఎవరినీ దింపరు, ఒకరి ఒడిలో ఒకరు కూర్చుంటారు, ముక్కూ మొహం తెలియని అమ్మమ్మ వచ్చి మన ఒడిలో కూర్చుని సంచీలోంచి రొట్టె తీసి తింటుంది. గడిలో గడి అంటే అలాగే అన్నాను. “అయితే నీ పేజీకి నేను డ్రైవర్‌నా?” అన్నాడు, వెనక మంచం మీద పడుకుని, కాళ్ళు గోడకి పెట్టి. ఇప్పుడూ ఆ గదిలోనే ఉంటున్నాను, గోడ మీద ఆయన పాదాల మరకలు ఇంకా ఉన్నాయి, సున్నం వేయించలేదు. ఒడిలో కూర్చున్నవాడి తల అందరికంటే పైన ఉంటుంది. నా పట్టికలో కిందికి పోయింది.

అంత చిన్నది. లోపలి పట్టికకి పైన ఒక గీత పెట్టాను, ఎందుకంటే అది నా మొగుడి వంశం, ఎందుకంటే నడుమ ఉన్నవాళ్ళకి కాస్త అలంకారం ఉండాలనిపించింది, ఎందుకంటే అత్తగారు ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని తమ పేరు మీద గీత చూసి ఇది ఆ పిల్ల పనే అనుకుంటుందని ఆశ, ఉన్నమాట చెప్పడానికి ఇక్కడ సిగ్గేముంది, చీకట్లో. లోపలి పట్టికను పైభాగం దగ్గర పక్క గడులతో కలపమని రాశాను. కలిపింది. నా దృష్టిలో దాని పైభాగం అంటే సామలీయె అనే పేరు, కూర్పు పద్ధతి దృష్టిలో పైభాగం అంటే గీత. గీతని తీసుకెళ్ళి అటు లేఫోలూ ఇటు ఆనుపొ నిలబడిన మట్టానికి చక్కగా ఆనించింది, సామలీయె గీత కింద వేలాడాడు, దాదాపు ఒక వరస కిందికి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది. పైగా దీనికి మందు నాకు తెలుసు, మొదటి గీతకి వేరే ఆజ్ఞ ఉంటుంది, అది రాస్తే గీత పైకి పోతుంది, పేరు మట్టానికి వస్తుంది, కొత్తగా వచ్చే విద్యార్థులకి నేనే బోర్డు మీద గీసి చెబుతాను. ఆ సాయంత్రం చూసుకున్నాను కూడా, చూసుకోలేదని కాదు, నడిమి గడి ఒక్కటే తెర నిండా పెద్దది చేసుకుని చూశాను, గీత ఎంత సన్నగా వచ్చిందో, దాని కింద పేరు ఎంత నిండుగా ఉందో, చూసి చూసి కళ్ళు మసకబారి ముద్రణకి పంపేశాను. అడ్డంగా చూడలేదు. పక్కనెవరున్నారో చూడకుండా ఎవరి ఎత్తూ తెలియదు, ఈ మాటా నేనే విద్యార్థులకి చెబుతాను.

ఏదో గలగలమని పోసిన చప్పుడు. కుడివైపు నుంచి. గట్టి నేల మీద గంప వంచినట్టు, తర్వాత అరచేత్తో సర్దుతున్న చప్పుడు, మెల్లగా, గుండ్రంగా. అంతకుముందే అడుగులు వినబడ్డాయి, ఒక కాలు పెట్టడం, ఒక కాలు ఈడ్చడం, ఆ నడక నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది, ఎనిమిదేళ్ళు ఆ నడక చప్పుడుకే మెలకువ వచ్చేది. మమ్మల్ని రాసుకున్నంత దగ్గరగా పోయింది అత్తగారు, ఆగలేదు, దగ్గలేదు, వాకిట్లో ఎవరో చాప కప్పుకుని కూర్చోవడం రోజూ ఉండేదే అన్నట్టు పోయింది. ఇప్పుడు వాసన వస్తోంది, పులిసిన కోకో గింజలు. వంటపాక అరుగు మీద ఎండబోస్తోంది కాబోలు. ఆ గింజల కోసం నేను పడ్డ తిప్పలు. పొద్దున్నే వేయించు, ఒలుచు, రోట్లో వేసి నూరు, నల్లగా నూనె తేలేదాకా నూరు, మగవాళ్ళకి ముందు పొయ్యి, పెద్దవాళ్ళకి పొయ్యి, మిగిలితే నువ్వు తాగు. మొగుడి ఊళ్ళో కాపురం చేసే ఆడది అంటే ఈ దీవిలో జీతం లేని మనిషి. “గింజ మాడింది,” అనేది అత్తగారు. “గింజ పచ్చిగా ఉంది,” అనేది. మధ్యలో ఏది సరైన పాకమో ఎప్పుడూ చెప్పలేదు. అలిసిపోయాను. ఆయన పోయాక ఏడాది కూడా నిండకుండా ఆపియాలో ఉద్యోగం అని సంచీ సర్దుకున్నాను, అత్తగారు గడపలో కూర్చుని కొబ్బరాకు చీలుస్తూ తల ఎత్తకుండా అంది, “వాడు ఇక్కడే ఉన్నాడు. నువ్వు పోతున్నావు. పోయేదానివి మళ్ళీ ఈ వాకిట్లో కాలు పెట్టకు.” నాకూ రోషం లేకపోలేదు. పెట్టలేదు. రోడ్డు మీద బస్సులోంచి చూసేదాన్ని, సమాధి మీద వేసిన రేకు కప్పు ఒక్కటే కనబడేది, దాని కింద ఏముందో బస్సు కిటికీ ఎత్తుకి అందదు.

పండగనాడు మొదట ఎవరు చూశారో తెలియదు. పాట అయింది, పుస్తకాలు పంచారు, ఆడవాళ్ళ వైపు నుంచి గుసగుస మొదలై బల్ల బల్లకీ పాకి మగవాళ్ళ దాకా వచ్చింది, పేజీల చప్పుడు ఆగిపోయింది. సామలీయె బావగారు పుస్తకం మూసి, టోపీ పెట్టుకుని లేచారు, ఆయన వెనక వాళ్ళ ఊరు మొత్తం లేచింది, తెల్లబట్టల వరస వరసే లేచి బయటికి నడిచింది, చర్చిలో ఒక పక్క ఖాళీ అయింది, దువ్వెన పళ్ళు సగం విరిగినట్టు. తప్పు నా గడిలో ఉండి, పైన నిలబడ్డది మా పెదనాన్న పేరు కావడం గోరుచుట్టు మీద రోకటిపోటు, లేఫోలు తమ్ముడి కూతురు కావాలనే చేసిందన్నారు, మొగుడు పోయాక తరిమేశారని కసి తీర్చుకుందన్నారు. ఆ రాత్రి మా రేకుల మీద రాళ్ళు పడ్డాయి. ఆ తర్వాత మా ఊరి పిల్లలు వాళ్ళ ఊరి మీదుగా బడికి పోవడం మానేశారు. వాళ్ళ కుర్రాళ్ళు కత్తులు నూరుతున్నారని ఒకరంటే, నూరేది కొబ్బరికాయలకే అని ఇంకొకరు, వినేవాళ్ళ గుండె మాత్రం ఒకేలా కొట్టుకుంది. నేను కంప్యూటరు తెరిచి పెదనాన్నకి చూపించాను, ఇదిగో గీత, ఇదిగో మట్టం, గీత తీస్తే పేరు పైకి వస్తుంది, ఇందులో కసి లేదు, కూర్పు పద్ధతి అలా పని చేస్తుంది అని, ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని శ్రద్ధగా చూశాడు, గీత తీసి మళ్ళీ పెట్టమని రెండుసార్లు చేయించుకున్నాడు, చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు కూడా.

“బాగానే ఉంది,” అన్నాడు చివరికి. “అయితే ఆ యంత్రం వచ్చి చాప కింద కూర్చుంటుందా?”

వేడి ఎక్కుతోంది. చాపలోంచి ఎండ సూదుల్లా దిగుతోంది, నా చేతుల మీద చిన్న చిన్న చుక్కలు. ముక్కు దగ్గరగా ఉంటే అల్లిక బాగా కనబడుతుంది, పోగులన్నీ ఏటవాలుగా పోతున్నాయి, ఒక మూల నుంచి మొదలుపెట్టి ఎదురు మూలకి అల్లుకుంటూ పోతారు కాబట్టి అడ్డం లేదు, నిలువు లేదు, ఏ పోగు పైన ఏ పోగు కింద అని వెతికితే దొరకదు, పైనున్నది మరుక్షణం కిందికి దూరుతుంది. ఇలా అల్లే మనుషులు పేజీ మీద ఒక వరస కిందికి పడ్డందుకు కత్తులు నూరుతారు. విసుగు కాదు, నవ్వు కూడా కాదు, నీరసం. పొద్దున్న ఏమీ తినలేదు. పెదనాన్న శ్వాస బరువుగా వస్తోంది, ఆయన గుండెకి మాత్ర వేసుకునే వేళ దాటిపోయింది, మాత్ర చొక్కా జేబులో ఉంది, వేసుకోమంటే నీళ్ళు లేకుండా ఎలాగే అన్నాడు, నీళ్ళు అడగడానికి లేదు, ఈ ఎండలో ఈయన ఇలాగే ఒరిగిపోతే ఆ చావు నా గీత ఖాతాలోనే పడుతుంది. ఎత్తండయ్యా. ఎత్తి తిట్టండి, కొట్టండి, ముసలాయన్ని నీడలోకి తీసుకెళ్ళండి. ఇలా అనుకుంటూనే, ఎత్తకండి, ఇంకాసేపు అని ఇంకో మాట లోపల. ఎత్తితే లేవాలి. లేచి, సభ అయి, ఆవ తాగి, పెద్దవాళ్ళు మాటలు ఇచ్చి పుచ్చుకున్నాక వ్యాను ఎక్కి వెళ్ళిపోవాలి, మళ్ళీ బస్సు కిటికీ, మళ్ళీ రేకు కప్పు. ఈ వాకిలి వదిలాక ఆయనకి ఇంత దగ్గరగా కూర్చున్నది ఇదే. నాలుగు అడుగులు. నేను పేజీ కూర్చేదాన్ని, పెట్టె పక్కన పెట్టె పెట్టేదాన్ని, ఆయనదొక పెట్టె, నాదొక పెట్టె, రెండూ ఒకే మట్టం మీద, నేల మీద, ఇంతకంటే సరిగ్గా కుదిర్చిన పేజీ నేను చెయ్యలేదు. పెలెనాతొ, బస్సులో చోటుందా? ఏడుపొచ్చింది. చాప కింద ఏడిస్తే ఎవరికీ కనబడదని అనుకున్నాను గానీ పెదనాన్న మోచేత్తో మెల్లగా పొడిచి, చాప తడిపితే రంగు మారుతుందే అన్నాడు.

ఇంటి తడికలు ఇంకా దించే ఉన్నట్టున్నాయి, మాటలు అటునుంచి మందంగా వస్తున్నాయి. బావగారి గొంతు. “కూర్చోనీ. మధ్యాహ్నం దాకా కూర్చోనీ. మా తాత పేరు కిందికి దించి అచ్చేసినప్పుడు మాకెంత ఎండ తగిలిందో వాళ్ళకీ తగలనీ.” ఎవరో ఏదో అన్నారు. “నేను ఎత్తను. ఎత్తేవాళ్ళెవరో రమ్మను,” అన్నారాయన. ఇంటిపెద్ద ఎత్తను అన్నాక ఎత్తేవాళ్ళు ఇంకెవరుంటారు. పెదనాన్న భుజం నా భుజానికి ఆనుకుంది, ఆనుకుని అలాగే ఉండిపోయింది, బరువుగా. నేను ఆయన వేళ్ళు పట్టుకున్నాను, చల్లగా ఉన్నాయి. ఇంతలో ఆ అడుగులు, ఒకటి పెట్టడం, ఒకటి ఈడ్చడం, దగ్గరికి, ఇంకా దగ్గరికి, ఈసారి దాటిపోలేదు. చాప అంచు దగ్గర రెండు పాదాలు ఆగాయి, పగిలిన మడమలు, చిటికెనవేలికి గోరు లేదు, ఆ వేలు మీద రోకలి పడ్డ రోజు పసుపు పెట్టింది నేనే. చాప ఒక పక్క లేచింది. లేపి పైకి తియ్యలేదు, కింద దూరడానికి సందు చేసుకుంది అంతే. మోకాళ్ళు విరిచినట్టు మూలుగుతూ వంగి, పాకి, నా పక్కన నేల మీద కూలబడి, చాప మళ్ళీ తన తలమీదికి లాక్కుంది.

“జరుగు,” అంది అత్తగారు. “బయట ఎండగా ఉంది.”

నేను జరిగాను. పెదనాన్న కళ్ళు తెరిచాడు. “పలేపా, ఇది మా చాప కింద చోటు. నువ్వు క్షమాపణ చెప్పాల్సింది ఏం లేదు కదా.”

“నా ఇష్టం. నా వాకిలి.” చంకలోంచి కొబ్బరిబోండాం తీసి ఆయన ఒళ్ళో పెట్టింది, ముందే చెక్కి తెచ్చింది. “తాగు. చాప కింద చచ్చావంటే మావాడు నీ ఇంటి ముందు చాపేసుకు కూర్చోవాలి. ఎన్ని చాపలు తెచ్చేది.”

పెదనాన్న మాత్ర వేసుకుని తాగాడు. గుటకల చప్పుడు. బయట ఎవరో పరిగెత్తుకుంటూ ఇంట్లోకి పోయారు, లోపల మాటలు ఆగిపోయాయి. అత్తగారు నా వైపు చూడలేదు, నేనూ చూడలేదు, ముగ్గురం నేల చూస్తున్నాం, నేల మీద చీమల వరస. ఆమె ఒంటి వాసన, కొబ్బరినూనె, పొగ, కోకో.

“నిజం చెప్పు,” అంది. “మమ్మల్ని కిందికి దించిందేంటి? అందరూ ఒక్కో మాట అంటున్నారు.”

“గీత, అత్తమ్మా. మీ పేరు మీద గీత పెట్టాను. ఆ గీత పోయి వాళ్ళ వరసలో నిలబడింది. పేరు కిందికి పోయింది.”

“గీత ఎందుకు పెట్టావు?”

“మీరు చూస్తారని.”

చీమల వరస ఆమె గోరు లేని వేలిని చుట్టుకుని పోయింది.

“నాకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదు,” అంది. “చర్చిలో పుస్తకం ఇచ్చారు, నాకు ఆ గీత ఒక్కటే కనబడింది. మిగతావన్నీ మసక. బాగుంది అనుకున్నాను. తర్వాత మావాడు లేచాడు, నేనూ లేచాను.” వేలి మీది చీమని దులిపి, “దాన్ని తీసేస్తే?” అంది.

“తీసేస్తే పేరు పైకి వస్తుంది. అందరితో సమంగా.”

“అయితే తీసెయ్. మా పేరు మీద ఏదీ అక్కర్లేదు.”

వాకిట్లో పెద్ద అంగలు పడ్డాయి. బావగారి చెప్పుల చప్పుడు నేను మరిచిపోలేదు, కోపంలో కుడి చెప్పు గట్టిగా పడుతుంది. మా ముందు ఆగారు. ఆయన తల్లి వాకిట్లో అవమానపు చాప కింద నేల మీద కూర్చుని ఉంది, ఆయన ఇప్పటిదాకా ఇంట్లో నీడలో ఉన్నారు, ఈ ఊళ్ళో ఏ పెద్దా ఒక్క నిమిషం కూడా భరించలేని సంగతి అది, అత్తగారికి ఆ సంగతి బాగా తెలుసు.

“అమ్మా, లే,” అన్నారు.

“నువ్వే లేపు,” అంది అత్తగారు. “నేనొక్కదాన్నే లేవను. వీళ్ళు లేస్తే లేస్తాను.”

చాప పోయింది. వెలుతురు ఒక్కసారిగా మొహం మీద పడి కళ్ళు మూసుకుపోయాయి, రెప్పల వెనక ఎర్రగా, బావగారు పెదనాన్న చంకల కింద చేతులు వేసి లేపుతున్నారు, పెదనాన్న కాలు నిలబడక ఆయన భుజం మీద వాలిపోయి, తిమ్మిరయ్యా, కోపం కాదు, తిమ్మిరి అంటున్నాడు, ఎవరో నవ్వారు, వెనక మా తమ్ముళ్ళు ఏడుస్తున్నారు, ఇంటి తడికలు ఒకటొకటిగా పైకి చుట్టుకుంటున్న చప్పుడు. నేను కుడివైపు తిరిగాను. తెల్లటి పలకలు పరిచిన సమాధి, రేకు కప్పు నీడ ఇంకా వెనక్కి ఉంది, ఎండంతా సమాధి మీదే, ఆ పలకల మీద చివరి నుంచి చివరి దాకా కోకో గింజలు పరిచి ఉన్నాయి, ఎర్రగా, తడిగా, అత్తగారి అరచెయ్యి తిప్పిన గుండ్రాలు గుండ్రాలుగా. ఆయన గుండె ఉండే చోట, ఆయన పాదాలు ఉండే చోట. అది చూస్తూ అక్కడే నిలబడ్డాను, వెళ్ళవచ్చో లేదో తెలియక.

అత్తగారు నేల మీదనే కూర్చుని, నా చెయ్యి పట్టుకుని లేవబోయి, మళ్ళీ కూర్చుని, మోకాలు రుద్దుకుంటూ అంది, “ఏం చూస్తున్నావ్. పొద్దెక్కింది, అవి ఒక పక్కే ఎండుతున్నాయి. పోయి తిరగెయ్.”